మాతృరక్షకుడు సెమ్మెల్‌వైస్

ఒకరి శరీరాన్ని మరొకరు తాకి చేసే వృత్తులు లోకంలో కొన్ని ఉన్నాయి. వైద్యుడు నాడి పట్టి చూస్తాడు. మంత్రసాని పురుడు పోస్తుంది. క్షురకుడు గడ్డం గీస్తాడు. బ్యూటీ పార్లరులో పనిచేసే యువతి ముఖానికి మర్దన చేస్తుంది, దారంతో కనుబొమలు తీర్చిదిద్దుతుంది. ఇటువంటి చోట్ల మనం మన దేహాన్ని పూర్తి విశ్వాసంతో ఎదుటివారి చేతికి అప్పగిస్తాం. ఆ చేతికి నేర్పు ఉన్నదా అని విచారిస్తామే కాని, అంతకుముందు ఆ చేయి ఎవరిని తాకి వచ్చిందో అడగం. సుమారు నూట ఎనభై ఏండ్ల క్రితం వియన్నా నగరంలో ఒక యువ వైద్యుడు ఆ ప్రశ్న అడిగాడు. ఇతరులను కాదు, మొదట తన్ను తానే ప్రశ్నించుకొన్నాడు. దానికి లభించిన సమాధానం అసంఖ్యాకులైన తల్లుల ప్రాణాలు కాపాడింది. ఆయన జీవితాన్ని మాత్రం దహించివేసింది. ఆయన పేరు ఇగ్నాజ్ ఫిలిప్ సెమ్మెల్‌వైస్.

సెమ్మెల్‌వైస్ 1818 జూలై 1వ తేదీన హంగరీ దేశంలో, డాన్యూబ్ నదికి పడమటి ఒడ్డున గల బుడా నగరంలో జన్మించాడు. నదికి ఆవలి ఒడ్డున ఉన్నది పెస్ట్ నగరం. మన హైదరాబాదు, సికింద్రాబాదుల వలె జంట నగరాలుగా ఉండిన ఈ రెండూ 1873లో ఏకమై బుడాపెస్ట్ అయినవి. తండ్రి కలిగిన కిరాణా వర్తకుడు. కుమారుణ్ణి న్యాయవాదిని చేయవలెనని ఆయన కోరిక. ఆ ఉద్దేశంతోనే 1837లో కొడుకును వియన్నాకు పంపాడు. ఆనాడు హంగరీ ఆస్ట్రియా చక్రవర్తుల ఏలుబడిలో ఉండేది, వియన్నా రాజధాని. సెమ్మెల్‌వైస్ అక్కడ న్యాయశాస్త్రాన్ని త్వరలోనే విడిచిపెట్టి వైద్యం వైపు మొగ్గి, 1844లో వైద్యపట్టం పుచ్చుకొన్నాడు. కలుపుగోలు స్వభావం కలవాడు, కష్టపడి పనిచేసేవాడు. అయితే కలం పట్టి వ్రాయడమంటే ఆయనకు స్వభావసిద్ధమైన విముఖత. సామాన్యంగా ఇది పెద్ద లోపం కాదు. ఈయన విషయంలో మాత్రం ఎంత నష్టం కలిగించినదో ముందు ముందు చూస్తాం.

వియన్నాలోని మహా వైద్యాలయం 1784లో రెండవ జోసెఫ్ చక్రవర్తి కాలంలో వెలసినది. సెమ్మెల్‌వైస్ చదివే రోజులలో అక్కడ ముగ్గురు ఉద్దండులు ఉండేవారు. మొదటివాడు రొకిటాన్‌స్కీ. శవపరీక్షల ద్వారా రోగ మూలాలను కనుగొనే శాస్త్రానికి పునాదులు వేసినవాడు. రెండవవాడు స్కోడా. రొమ్ము తట్టి, చెవి ఆనించి రోగ నిర్ణయం చేయడంలో దిట్ట. మూడవవాడు ఫెర్డినాండ్ హెబ్రా. ఆధునిక చర్మవైద్యానికి ఆద్యుడు. అంతవరకు గజ్జి రక్తదోషం వలన లోపలినుండి పుట్టే వ్యాధి అని పెక్కుమంది వైద్యులు నమ్మేవారు. కంటికి ఆనీ ఆనని ఒక సూక్ష్మ కీటకం మనిషినుండి మనిషికి పాకడం వలన గజ్జి వస్తుందని హెబ్రా తన ఒంటిమీదనే ఆ కీటకాలను పాకించుకొని నిరూపించాడు. రోగం గాలిలోను, గ్రహాలలోను, శరీరధాతువులలోను మాత్రమే కాక, ఒక దేహంనుండి మరొక దేహానికి స్పర్శ ద్వారా కూడ ప్రయాణిస్తుందనే ఎరుక సెమ్మెల్‌వైస్‌కు ఈ మిత్రుని సాహచర్యంలో కొంతైనా కలిగి ఉంటుందని ఊహించడం అసంగతం కాదు.

1846 జూలైలో సెమ్మెల్‌వైస్ ఆ వైద్యాలయపు ప్రసూతి విభాగంలో ఆచార్య యోహాన్ క్లైన్‌కు సహాయకుడుగా చేరాడు. అక్కడ రెండు సూతికాశాలలు ఉండేవి. రెండూ పక్కపక్కనే ఉన్నవి. మొదటి దానిలో వైద్యవిద్యార్థులు, రెండవ దానిలో మంత్రసాని పని నేర్చుకొనే స్త్రీలు శిక్షణ పొందేవారు. పేద స్త్రీలు, భర్త లేని గర్భిణులు అక్కడికి వచ్చేవారు. కాన్పు ఉచితం, దానికి బదులుగా వారు విద్యార్థుల అభ్యాసానికి తమ శరీరాలను అప్పగించవలె. గర్భిణులను ఒకరోజు ఒక శాలలో, మరుసటి రోజు రెండవ శాలలో చేర్చుకొనేవారు. ఏ శాలలో చేరడమన్నది ఆమె చేతిలో లేదు; ఆ పూట ఏ వారమో దానిమీద ఆధారపడేది.

ఆ రెంటికి నడుమ భేదం ఎట్టిదో 1846వ సంవత్సరపు లెక్కలు చెబుతాయి. మొదటి శాలలో 4,010 మంది ప్రసవించగా 459 మంది తల్లులు మరణించారు. రెండవ శాలలో 3,754 మందిలో 105 మంది మరణించారు. అనగా విద్యావంతులైన వైద్యుల చేతిలో నూటికి పదకొండుమంది, మంత్రసానుల చేతిలో నూటికి ముగ్గురు కూడ కాదు. చంపినది సూతికా జ్వరం. పురుడు వచ్చిన రెండు మూడు రోజులకు చలితో కూడిన తీవ్ర జ్వరం, పొత్తికడుపు ఉబ్బి నొప్పి, ఆపై సంధి. వారం తిరగకముందే మృత్యువు. చాలసార్లు పసికందు కూడ తల్లి వెంటనే వెళ్ళిపోయేది. నగరంలో ఈ సంగతి తెలియనివారు లేరు. మొదటి శాల వారం పడిన గర్భిణులు మోకాళ్ళపై పడి తమను రెండవ దానిలో చేర్చుకొనమని ప్రాధేయపడేవారు. ఇందులో మరొక వింత ఉన్నది. వైద్యాలయానికి వచ్చే దారిలో, వీధిలో ప్రసవించిన స్త్రీలకు ఈ జ్వరం అరుదుగా వచ్చేది. నిపుణులైన వైద్యుల సన్నిధి కంటె నడివీధి క్షేమకరమైనది.

సెమ్మెల్‌వైస్ మనశ్శాంతి కోల్పోయాడు. పెద్దలు చెప్పే కారణాలను ఒక్కొక్కటే పరీక్షకు పెట్టాడు. వాతావరణ దోషమందామా, రెండు శాలలపైన ఉన్నది ఒకటే ఆకాశం. జనసమ్మర్దమందామా, రెండవ శాలలోనే ఎక్కువమంది కిక్కిరిసేవారు. ఆహారం ఒకటే, దుప్పట్లు ఉతికే పద్ధతి ఒకటే. మరణించే వారికి అంత్యకాల సంస్కారం జరిపే మతాచార్యుడు ఘంట మ్రోగించే పరిచారకునితో మొదటి శాల గుండా నడిచి వెళ్ళడం వలన స్త్రీలు భయంతో జబ్బు పడుతున్నారని కొందరన్నారు. ఆయన ఆ ఘంట మాన్పించి, దారి మార్పించాడు. మరణాలు తగ్గలేదు. మంత్రసానులు స్త్రీలను పక్కకు తిప్పి పురుడు పోస్తారని తెలిసి, మొదటి శాలలోను ఆ విధంగానే చేయించాడు. ప్రయోజనం శూన్యం. విదేశీ విద్యార్థుల మోటు చేతులే కారణమని విచారణ సంఘం ఒకటి తేల్చింది. అంతకంటె సులభమైన తీర్పు మరొకటి ఉండదు. దోషం పరదేశి మీదికి పోతుంది.

1847 మార్చిలో సెమ్మెల్‌వైస్ అలసిన మనస్సుతో ఇద్దరు మిత్రులతో కలిసి వెనిస్ నగరానికి విహారయాత్ర వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి దుర్వార్త ఎదురైంది. తాను ఎంతో గౌరవించే న్యాయవైద్య శాస్త్రాచార్యుడు యాకోబ్ కొల్లెచ్కా మార్చి 13న మరణించాడు. ఒక శవపరీక్ష నడుస్తుండగా విద్యార్థి చేతిలోని కత్తి పొరపాటున ఆయన వ్రేలికి గుచ్చుకొన్నది. ఆ చిన్న గాయం నుండి చేయి వాచి, విషం శరీరమంతా వ్యాపించి, కొద్ది రోజులలో ఆయన అసువులు బాశాడు. సెమ్మెల్‌వైస్ మిత్రుని శవపరీక్ష నివేదిక తెప్పించుకొని చదివాడు. రక్తనాళాలలో వాపు, ఉదరంలో చీము, గుండె పొరలలో, ఊపిరితిత్తుల పొరలలో చీము. ఈ వర్ణన ఆయనకు క్రొత్త కాదు. ప్రతిదినం ఉదయం తాను కోసి చూస్తున్న బాలింతల శవాలలో కనిపించేది ఇదే.

కొల్లెచ్కా పురుషుడు. ఆయనకు ప్రసవం లేదు, భయం లేదు, సూతికాశాల గాలి సోకలేదు. అయినా సూతికా జ్వరంతోనే మరణించాడు. అట్లయితే ఆ జ్వరానికి ప్రసవం కారణం కాదు. శవంలోనిది ఏదో గాయం గుండా జీవించి ఉన్న దేహంలోకి ప్రవేశించడం కారణం. కొల్లెచ్కాకు దానిని కత్తిమొన అందించింది. మరి బాలింతలకు?

సమాధానం తన చేతి వ్రేళ్ళ కొసలలోనే ఉన్నది. మొదటి శాల వైద్యులు, విద్యార్థులు ప్రొద్దున శవాగారంలో శవాలు కోసి, నామమాత్రంగా సబ్బుతో చేతులు కడుక్కొని, తిన్నగా వచ్చి గర్భిణులను లోపలి పరీక్ష చేసేవారు. మంత్రసానులకు శవచ్ఛేదంతో పని లేదు. భేదమంతా అక్కడ ఉన్నది. పూర్వచరిత్ర కూడ దీనికి సాక్ష్యం పలికింది. క్లైన్‌కు ముందు 1822 వరకు ఆ విభాగాన్ని నడిపిన బోయెర్ అనే ఆచార్యుడు శవాల మీద కాక బొమ్మ మీద ప్రసూతి విద్య నేర్పేవాడు. ఆయన కాలంలో మరణాలు స్వల్పం. శవాల మీద నేర్పడం మొదలైన నాటినుండి అవి విజృంభించాయి. జ్ఞానం కోసం వైద్యులు ఎంత శ్రద్ధగా శవాలు పరీక్షిస్తే అంతమంది తల్లులు మరణిస్తున్నారు. సెమ్మెల్‌వైస్ అందరికంటె శ్రద్ధ కలవాడు. కనుక తన చేతుల మీదుగా పోయినవారే ఎక్కువమంది. ఈ సత్యాన్ని ఆయన దాచుకొనలేదు. తరువాతి కాలంలో తన గ్రంథంలోనే బహిరంగంగా ఒప్పుకొన్నాడు.

మహాభారతంలోని నలోపాఖ్యానం చదివినవారికి ఒక సంగతి జ్ఞాపకం ఉంటుంది. సకల సద్గుణ సంపన్నుడైన నలుని ఆవహించడానికి కలిపురుషుడు ఏండ్ల తరబడి కాచుకొని ఉంటాడు. నలునిలో ఏ దోషమూ దొరకదు. చివరికి ఒకనాడు అతడు కాళ్ళు కడుగుకొనకుండ సంధ్య వార్చినప్పుడు ఆ చిన్న సందు చూచుకొని ప్రవేశిస్తాడు. మన పూర్వులు శౌచాన్ని ఆచారంగా పాటించారే కాని, దాని వెనుక ఉన్న కారణాన్ని ప్రయోగంతో, లెక్కలతో తేల్చలేదు. సెమ్మెల్‌వైస్ చేసినది ఆ పని.

సబ్బుతో కడిగినా చేతులకు శవాల వాసన పోదని ఆయనకు తెలుసు. వాసన మిగిలి ఉన్నదంటే శవపదార్థం మిగిలి ఉన్నదనే అర్థం. ఆ దుర్గంధాన్ని పోగొట్టే ద్రావణం కోసం వెదకి, మొదట క్లోరిన్ నీటిని, తరువాత చవుకగా దొరుకుతుందని బ్లీచింగ్ పౌడరు ద్రావణాన్ని ఎన్నుకొన్నాడు. మన ఊళ్ళలో బావులలో చల్లే పొడియే అది. సూక్ష్మజీవులు రోగకారకాలన్న సంగతి ఆనాటికి శాస్త్రానికి తెలియదు. వాసన పోగొట్టడానికి ఎన్నుకొన్న మందు క్రిములను కూడ చంపగలిగినదే కావడం మానవజాతి అదృష్టం. 1847 మే నెల నడుమ ఆయన సూతికాశాల వాకిట ద్రావణపు పళ్ళెం, గోళ్ళు తోముకొనే కుంచె పెట్టించాడు. చేతులు ఆ ద్రావణంలో కడుగుకొననిదే ఎవరూ లోపలికి అడుగు పెట్టరాదని శాసించాడు. ద్రావణానికి చేతులు మండేవి, చర్మం పగిలేది. విద్యార్థులు గొణిగారు. ఆయన ద్వారం దగ్గర నిలబడి చూచేవాడు.

ఫలితం ఇట్లున్నది. ఆ ఏడాది ఏప్రిల్‌లో మొదటి శాలలో 312 మందికి 57 మంది మరణించారు. జూన్‌లో 268 మందికి ఆరుగురు. జూలైలో 250 మందికి ముగ్గురు. 1848వ సంవత్సరమంతటా 3,556 మందిలో 45 మంది, అంటే నూటికి ఒకటి కంటె కొంచెం ఎక్కువ. ఆ ఏడాది మార్చి, ఆగస్టు నెలలలో ఒక్క తల్లి కూడ మరణించలేదు.

అయితే 1847 అక్టోబరులో ఒక దుర్ఘటన ఆయన జ్ఞానాన్ని మరొక మెట్టు ఎక్కించింది. శాలలో మొదటి పడక మీద ఉన్న స్త్రీకి గర్భాశయంలో కుళ్ళుతున్న పుండు ఉన్నది. వైద్యులు వాకిట ద్రావణంతో చేతులు కడుక్కొని వచ్చినవారే. కాని మొదట ఆమెను పరీక్షించి, తరువాత ఒకరినుండి ఒకరికి పోయేటప్పుడు ఉత్త సబ్బుతోనే సరిపుచ్చారు. ఆ వరుసలో ఆమెతోపాటు ఉన్న పన్నెండుమంది బాలింతలలో పదకొండుమంది మరణించారు. విషం శవంనుండి మాత్రమే రానక్కరలేదని, బ్రదికి ఉన్నవారి పుండునుండి కూడ వస్తుందని సెమ్మెల్‌వైస్ గ్రహించాడు. అప్పటినుండి లోపలికి వచ్చేటప్పుడే కాక, ఒకరిని పరీక్షించి మరొకరిని తాకబోయే ముందు ప్రతిసారీ ద్రావణంతో కడగాలని నియమం పెట్టాడు. చీము కారే రోగులను వేరు గదికి మార్పించాడు. క్రమంగా పరికరాలకు, బాలింతను తాకే ప్రతి వస్తువుకు ఈ నియమం వర్తింపజేశాడు.

నా దృష్టిలో సెమ్మెల్‌వైస్ బోధలో సామాన్య జీవితానికి అత్యంత సన్నిహితమైనది ఈ రెండవ నియమమే. శవాగారంతో మనలో ఎందరికి సంబంధం? కాని ఒక మనిషి తరువాత మరొక మనిషిని తాకే చోట్లు వీధి వీధిలో ఉన్నాయి. క్షౌరశాలలో ఒకే తువాలు పది మెడలు తుడుస్తుంది. పార్లరులో అవాంఛిత రోమాలు తొలగించే మైనపు గిన్నెలో ఒకే పుల్లను ముంచి ఒకరి చేతికి పూసి, మళ్ళీ అదే గిన్నెలో ముంచుతారు. మొటిమను నొక్కి తీసే లోహపు పనిముట్టు, కనుబొమల వెంట్రుకలు పెరికే చిమట, గోళ్ళ చుట్టూ చర్మం కత్తిరించే కత్తెర ఇవన్నీ కంటికి కనబడనంత రక్తాన్ని మోయగలవు. చర్మం శరీరానికి కోటగోడ వంటిది. వెంట్రుక పెరికినచోట, బ్లేడు గీచినచోట ఆ గోడకు గండి పడుతుంది. తామర, చీముగడ్డలు, పులిపిరులు ఈ దారినే వస్తాయి. కాలేయాన్ని పాడుచేసే హెపటైటిస్ బి వైరస్ శరీరం వెలుపల, ఎండిన రక్తపు మరకలో సైతం కనీసం ఏడు రోజులు జీవించి ఉండగలదు. 1990 దశకంలో ఎయిడ్స్ వ్యాధిని గురించి ప్రచారం సాగిన తరువాత మన క్షౌరశాలలలో మనిషికొక క్రొత్త బ్లేడు వేయడం అలవాటులోకి వచ్చింది. బ్లేడు మార్చినవారు తువాలు ఎందుకు మార్చరో, చేతులు ఎందుకు కడుగుకొనరో ఆలోచింపదగిన విషయం. తుడిచిన పనిముట్టు శుభ్రమైనదిగా కనిపిస్తుంది; కాని సబ్బుతో కడిగి, ఆపై మరిగించడమో తగిన మందులో నానవేయడమో చేస్తేనే అది మరొకరిని తాకడానికి అర్హమవుతుంది. మొదట మురికి పోవాలి, తరువాత క్రిమి చావాలి. కంటికి శుభ్రంగా కనబడే చేతిమీద కూడ విషం ఉండవచ్చునని వియన్నా ఆచార్యులకు సెమ్మెల్‌వైస్ చెప్పినది కూడ ఇదే.

వారు వినలేదు. ఎందుకు వినలేదన్నదే ఈ చరిత్రలో విషాదం. లెక్కలు అబద్ధమని ఎవరూ అనలేదు. కాని ఆయన చెప్పేది అంగీకరిస్తే, తమ చేతులతో తామే రోగులను చంపామని ప్రతి ప్రసూతి వైద్యుడు అంగీకరించవలసి వస్తుంది. పెద్దమనిషి చేయి అపవిత్రమైనదని వినడం ఎవరికి రుచిస్తుంది? జర్మనీలోని కీల్ నగరంలో మిఖాయెలిస్ అనే ప్రసూతి వైద్యాచార్యుడు ఈ బోధను నమ్మి ఆచరించాడు. అంతకుముందు తాను పరీక్షించిన సమీప బంధువు ఒకామె మృతికి తానే కారణమని తెలిసికొని, ఆ పశ్చాత్తాపం భరింపలేక 1848లో ప్రాణాలు తీసికొన్నాడు. సత్యాన్ని ఒప్పుకొన్నవాని గతి అది. ఒప్పుకొననివారు సుఖంగా ఉన్నారు. క్లైన్ దుర్మార్గుడేమీ కాదు. పాతకాలపు మనిషి, కాలుష్యమంతా గోడలలోను గాలిలోను ఉన్నదని నమ్మినవాడు. తన చేతిక్రింది కుర్రవాడు తన పాతికేళ్ళ బోధనను ఒక్క పళ్ళెం నీళ్ళతో కొట్టివేయడం అతనికి సహించలేదు.

స్కోడా, రొకిటాన్‌స్కీ, హెబ్రాలు మాత్రం సెమ్మెల్‌వైస్ పక్షాన నిలిచారు. 1847 డిసెంబరులోను, 1848 ఏప్రిల్‌లోను హెబ్రా తన సంపాదకత్వంలోని వైద్యపత్రికలో ఈ ఆవిష్కరణను ప్రకటించాడు. చర్మవైద్యుడు ప్రసూతి వైద్యాన్ని గురించి వ్రాయవలసి రావడం ఎందుకంటే, కనుగొన్నవాడు కలం ముట్టలేదు. ఇక్కడ సెమ్మెల్‌వైస్‌ను సమర్థించడం కష్టం. తన చేతిలో ఉన్నది ప్రాణరక్షక మంత్రమని తెలిసి కూడ ఆయన దానిని పుస్తకంగా వెలువరించడానికి పదమూడేండ్లకు పైగా పట్టింది. ఈలోగా ఇతరులు వ్రాసిన క్లుప్త వార్తలు చదివినవారు ఆయన శవవిషాన్ని గురించి మాత్రమే చెప్పాడని అపార్థం చేసికొన్నారు. తమ ఊరిలో శవపరీక్షలు లేకున్నా జ్వరం ఉన్నది కనుక ఈ వాదం తప్పని కొట్టివేశారు. అక్టోబరు నాటి పన్నెండు పడకల పాఠం వారికి చేరనే లేదు.

1848లో వియన్నాలో విప్లవం చెలరేగి అణగారింది. హంగరీవారి పట్ల అనుమానం పెరిగిన ఆ రోజులలో, 1849 మార్చిలో సెమ్మెల్‌వైస్ ఉద్యోగ గడువు ముగిసింది. క్లైన్ దానిని పొడిగించలేదు. 1850 మేలో వైద్యసంఘంలో ఆయన తన సిద్ధాంతాన్ని ఉపన్యసించాడు. అదే ఏడాది అక్టోబరులో ఆయనకు బోధనాధికారం ఇచ్చారు. కాని మనుషుల మీద కాదు, బొమ్మ మీద మాత్రమే నేర్పాలని షరతు పెట్టారు. అభిమానధనుడైన ఆయన కొద్ది రోజులకే, ఆప్తమిత్రులకు కూడ చెప్పకుండ వియన్నా విడిచి స్వదేశం చేరాడు. మిత్రులు నొచ్చుకొన్నారు.

1851లో పెస్ట్ నగరంలోని సెయింట్ రోకస్ ఆసుపత్రి ప్రసూతి విభాగానికి ఆయన దాదాపు జీతం లేకుండ బాధ్యత వహించాడు. ఆరేండ్లలో అక్కడ 933 మంది ప్రసవించగా సూతికా జ్వరంతో మరణించినవారు ఎనిమిదిమంది. 1855లో పెస్ట్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి లభించింది. అక్కడ మరణాలు మళ్ళీ తలయెత్తినప్పుడు కారణం వెదకి, బాలింతలకు సరిగా ఉతకని పాత దుప్పట్లు పరుస్తున్నారని కనుగొన్నాడు. చేతులు శుభ్రమైతే చాలదు, దేహానికి తగిలే బట్ట కూడ శుభ్రం కావాలని అధికారులతో పోరాడాడు. 1857లో మరియా వీడెన్‌హోఫర్‌ను వివాహమాడాడు. ఐదుగురు పిల్లలు కలిగారు. వారిలో ఇద్దరు పసితనంలోనే పోయారు.

చివరికి 1861లో ఆయన గ్రంథం వెలువడింది. సూతికా జ్వరం యొక్క కారణాన్ని, స్వరూపాన్ని, నివారణను వివరించే బృహద్గ్రంథం అది. పట్టికలు, లెక్కలు, వాదాలు, ప్రతివాదాలు కలగాపులగంగా ఉన్న ఆ పుస్తకం ఓపికగా చదివేవారికే బోధపడుతుంది. ఐరోపాలోని ప్రముఖులు దానిని ఆదరించలేదు. బెర్లిన్‌లోని మహాశాస్త్రజ్ఞుడు విర్చో వంటివాడు కూడ వ్యతిరేకించాడు. సెమ్మెల్‌వైస్‌లో సహనం నశించింది. పేరుగల ఆచార్యులకు బహిరంగ లేఖలు వ్రాసి, చేతులు కడుగుకొనని వైద్యులను హంతకులని నిందించాడు. నిజమే చెప్పాడు. కాని నిజాన్ని తిట్టుగా విన్నవారు ఎవరూ మారలేదు. ప్రతి బాలింత మృత్యువు ఆయన చెవికి ఆర్తనాదంగా వినిపించేది. ఎదుటివారికి అది ఒక సంఖ్య. ఆ రెంటి మధ్య సామరస్యం కుదరలేదు.

1865 నాటికి ఆయన ప్రవర్తనలో వికారాలు పొడచూపాయి. మరపు, కోపం, అసందర్భ ప్రలాపం. జూలై చివర కుటుంబం ఆయనను వియన్నాకు తీసికొనివచ్చింది. ఒక క్రొత్త వైద్యశాలను చూపుతానన్న నెపంతో పాతమిత్రుడు హెబ్రా స్వయంగా ఆయనను మానసిక చికిత్సాలయానికి చేర్చాడు. మోసం గ్రహించి బయటపడబోగా అక్కడి కాపలాదారులు ఆయనను తీవ్రంగా కొట్టి నిర్బంధించారు. ఆయన ఒంటిమీది గాయం ఒకటి కుళ్ళి, విషం రక్తంలోకి ప్రాకింది. రెండు వారాలకు, 1865 ఆగస్టు 13న, నలుబది ఏడవ ఏట సెమ్మెల్‌వైస్ కన్నుమూశాడు. ఏ వ్యాధి కొల్లెచ్కాను బలిగొని ఆయనకు సత్యాన్ని తెలిపినదో, ఏ వ్యాధిని బాలింతల పడకల నుండి తరమడానికి ఆయన జీవితం ధారపోశాడో, అదే వ్యాధి ఆయననూ కబళించింది.

సరిగ్గా అంతకు ముందు రోజున, స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జోసెఫ్ లిస్టర్ అనే శస్త్రవైద్యుడు బండిచక్రం క్రింద పడి కాలు విరిగిన పదకొండేండ్ల బాలుని గాయానికి కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన కట్టు కట్టాడు. గాయం చీము పట్టకుండ మానింది. లిస్టర్ పద్ధతిని లోకం మెల్లమెల్లగా అంగీకరించింది. 1879లో పారిస్‌లో లూయీ పాశ్చర్ సూతికా జ్వరానికి కారణమైన గొలుసుకట్టు సూక్ష్మజీవిని వైద్యుల సభలో బొమ్మ గీచి మరీ చూపాడు. సెమ్మెల్‌వైస్ పేరు పెట్టలేకపోయిన శత్రువు అది. పెస్ట్‌లో మాత్రం ఆయన స్థానంలోకి వచ్చిన ఆచార్యుడు చేతులు కడిగే నియమాన్ని పట్టించుకొనలేదు. అక్కడ తల్లుల మరణాలు మళ్ళీ కొన్నిరెట్లు పెరిగాయి. ఎవరూ ప్రశ్నించలేదు.

ప్రతిష్ఠ ఆలస్యంగా వచ్చినా సంపూర్ణంగా వచ్చింది. 1891లో ఆయన అస్థికలను వియన్నా నుండి బుడాపెస్ట్‌కు తరలించారు. ఆయన జన్మించిన ఇల్లు ఇప్పుడు వైద్యచరిత్ర ప్రదర్శనశాల; ఆయన సమాధి కూడ ఆ ఇంటి ప్రాంగణంలోనే ఉన్నది. బుడాపెస్ట్ వైద్య విశ్వవిద్యాలయానికి 1969లో ఆయన పేరు పెట్టారు. సూతికా జ్వరంపై ఆయన కృషికి సంబంధించిన పత్రాలను 2013లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. 2020లో కరోనా మహమ్మారి వ్యాపించి దేశదేశాల ప్రజలు గడియకొకసారి చేతులు కడుగుకొన్న రోజులలో ఆయన పేరు మరల పత్రికలకెక్కింది.

ఆయన దాదాపు జీతం లేకుండ పనిచేసిన సెయింట్ రోకస్ ఆసుపత్రి ముందు ఈనాడు ఆయన శిలావిగ్రహం ఉన్నది. స్ట్రోబ్ల్ అనే శిల్పి చెక్కిన ఆ విగ్రహాన్ని 1906లో నగరంలో ఆవిష్కరించారు. ఎత్తయిన పీఠం మీద వైద్యుడు నిలబడి ఉంటాడు. పీఠం దగ్గర ఒక తల్లి ఒడిలో బిడ్డను పెట్టుకొని, తల ఎత్తి ఆయన వంక చూస్తూ ఉంటుంది.